చేవ పట్టేలోగా వాటాదారులెందరు?

దబీర్‌పురాలో మూడు నాలుగు తరాలుగా ఉంటున్న కుటుంబాల్లో కొన్నింటికి ఇప్పటికీ జిల్లాల్లో కాస్త భూమి ఉంది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950 కౌలుదారీ చట్టం దున్నేవాడికి హక్కు తెచ్చింది. 1973 భూపరిమితి చట్టం మరికొంత తీసుకుంది. అన్నీ పోగా పరిగి వైపో షాద్‌నగర్ వైపో తాత పేరు మీద నాలుగైదు ఎకరాలు మిగిలాయి. పాత నగరపు కోటగోడకు మిగిలిన రెండే రెండు దర్వాజాల్లో ఒకదాని పక్కన పుట్టి పెరిగిన మనవలకు ఆ చేను హద్దురాళ్లు ఎక్కడున్నాయో తెలియదు. ఏడాదికోసారి కౌలు డబ్బులు వస్తాయి, అంతే.

ఆ ఇళ్లలో ఇప్పుడు నడుస్తున్న చర్చ ఒకటే. పత్తి కౌలుకు ఏపాటి వస్తుంది గనక, చేనంతా శ్రీగంధం పెట్టేస్తే? పదిహేనేళ్లు ఓపిక పడితే పిల్లల చదువులూ పెళ్లిళ్లూ గట్టెక్కవా? హైదరాబాద్ చుట్టుపక్కల గంధం మొక్కలు నాటి, గుంటల లెక్కన ఫామ్ ప్లాట్లు అమ్మేవాళ్లు పెరిగాక ఈ ఆశ ఇంకా ముదిరింది. నా అభిప్రాయం ముందే చెబుతాను: చేను దగ్గర కాపురముండే మనిషి లేని కుటుంబం శ్రీగంధం జోలికి పోకూడదు.

అమ్మేవాళ్లు చూపించే లెక్క తెలిసిందే. పదడుగుల ఎడంతో ఎకరానికి 435 మొక్కలు. చెట్టుకు ఇన్ని కిలోల చేవ, కిలో ఇన్ని వేలు, గుణిస్తే కోట్లు. ఆ కాగితం మీద ఒక్క మొక్కా చావదు, ఒక్క చెట్టునూ ఎవరూ నరుక్కుపోరు. గంధం మొక్క తన వేళ్లతో పక్క మొక్క వేళ్లను పట్టుకుని పోషకాలు లాక్కుని బతుకుతుంది. మొదట్లో కంది, తర్వాత సరుగుడో కానుగో పక్కన లేకపోతే అది సరిగా ఎదగదు. కొనేవాడు ధర కట్టేది లోపలి చేవకే, పైనున్న తెల్ల చెక్కకు వచ్చేది నామమాత్రం. ఆ చేవ పదేళ్లు దాటాక గానీ లెక్కలోకి రాదు, నూనె బాగా పట్టాలంటే ఇంకా ఏళ్లు కావాలి. చెట్టుకు విలువ వచ్చిన ఏడాదే దొంగ కన్నూ దాని మీద పడుతుంది. కేరళలోని మరయూరు అడవిలో గంధం చెట్లను ప్రభుత్వమే కంచెలు కట్టి, కాపలా పెట్టి కాచుకుంటోంది, దొంగల మాట అటుంచినా అక్కడ స్పైక్ తెగులు చెట్లను ఎండబెడుతూనే ఉంది. దబీర్‌పురాలో కూర్చున్న వారసుడు పరిగిలోని చెట్లను ఎలా కాస్తాడు? లక్ష రూపాయలు ఏడు శాతం చక్రవడ్డీకి వేస్తే ఇరవై ఏళ్లకు మూడు లక్షల 87 వేలవుతుంది. కాపలావాడి జీతం, కంచె, బోరు ఖర్చు పోను చెట్టు దీన్ని దాటగలదా అన్నది పొలం అంచున నిలబడి వేసుకోవాల్సిన లెక్క.

ఇలాంటి ఆశకు మన దేశం ఒకసారి భారీ మూల్యం చెల్లించింది. 1990లలో టేకు చెట్ల పేరుతో కంపెనీలు మధ్యతరగతి నుంచి డబ్బు వసూలు చేశాయి. చెన్నైలో మొదలైన అనుభవ్ ప్లాంటేషన్స్ 1998లో కుప్పకూలింది. మరుసటి ఏడాది అక్టోబరులో సెబీ సామూహిక పెట్టుబడి పథకాలకు నిబంధనలు తెచ్చింది, అప్పటికే వేల కుటుంబాల పొదుపు పోయింది. ఇందులో టేకు చేసిన పాపమేమీ లేదు. నిలంబూరులో 1840లలో నాటిన కానొలీ తోటలో చెట్లు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. టేకు అడిగేది అంతటి కాలాన్ని. నీళ్లు పారించి తొందరగా లావెక్కించిన కుర్ర టేకును అడితికి తీసుకెళితే, వ్యాపారి మొద్దు కోసిన చోట చూస్తాడు, చేవ ఎంత సన్నగా ఉంటే ధర అంత తగ్గిస్తాడు.

జామాయిల్, సుబాబుల్ సంగతి వేరు. నాలుగేళ్లకు కోత, మోడు నుంచి మళ్లీ చిగురు. సారపాకలో ఐటీసీ పేపర్ మిల్లు దగ్గరున్న భద్రాచలం, ఖమ్మం రైతులకు అది అక్కరకొచ్చింది. పరిగి నుంచి సారపాక మూడు వందల కిలోమీటర్లు దాటుతుంది, లారీ కిరాయే కర్రను తినేస్తుంది. మిల్లు దగ్గరున్నా భరోసా లేదు: 2014లో కమలాపురం రేయాన్ గుజ్జు మిల్లూ, కాగజ్‌నగర్ సిర్పూర్ పేపర్ మిల్లూ ఒకే ఏడాది ఆగిపోయాయి. సిర్పూర్ మిల్లు కొత్త యజమాని చేతిలో మళ్లీ నడిచేసరికి నాలుగేళ్లు పట్టింది. కోతకొచ్చిన కర్ర నాలుగేళ్లు ఆగితే రైతు అప్పు ఆగుతుందా?

వీటన్నిటికన్నా నాకు బెంగ కలిగించేది వాటాల సంగతి. తాత పోయి పాతికేళ్లైనా చాలా ఇళ్లలో విరాసత్ చేయించలేదు, చేయించిన చోట పాసుపుస్తకం పెద్దన్న పేరు మీదే ఉంటుంది. ముస్లిం ఇంట్లో పిల్లలున్న భార్యకు ఎనిమిదో వంతు, కొడుకుకు కూతురి వాటాకు రెండింతలు. హిందువుల ఇంట్లో ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు మన రాష్ట్రంలో 1985 నుంచే ఉంది, 2005లో దేశమంతటికీ వచ్చింది. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా చెల్లెళ్ల వాటా మాట ఎత్తేవాళ్లు అరుదు. పత్తి పంటైతే ఏ ఏటికి ఆ ఏడు డబ్బు పంచుకోవచ్చు. నిలబడి ఉన్న చెట్లను పంచాలంటే కొట్టాల్సిందే. ఇరవై ఏళ్లలో ఒకరు జెడ్డాలో, ఒకరు షికాగోలో స్థిరపడతారు, ఒకరు పోతారు, ఆరుగురు వాటాదారులు ఇరవై మంది అవుతారు. చేవ పట్టిన రోజున కొట్టడానికి అనుమతి అడగాలన్నా భూమి ఎవరిదో రికార్డు చెప్పాలి. 2020లో వచ్చిన భూరికార్డుల పోర్టల్ ధరణిలో అనుభవదారు కాలమ్ లేని పాపం ఎన్ని కుటుంబాలు మోశాయో చూశాం. 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది కాబట్టి ముందు విరాసత్ పని ముగించుకోవాలి.

ఇంకొకరున్నారు, ఈ చర్చలో ఎవరూ అడగని మనిషి. తండ్రి నాటి నుంచి అదే చేను దున్నుతున్న కౌలు రైతు. రైతుబంధు డబ్బు 2018 నుంచి పట్టాదారు ఖాతాకే వెళ్లింది, ఆయనకు ముట్టలేదు. ఇప్పుడు చేను కూడా చెట్లకు ఇచ్చేస్తే ఆయన వీధిన పడతాడు. ‘సాబ్, చెట్లు పెడితే మేమెక్కడ దున్నాలె?’ అన్న ప్రశ్నకు జవాబు లేకుండా ఒక్క మొక్క కూడా నాటకూడదని నేననుకుంటాను.

చెట్లు వద్దనడం లేదు. నాలుగెకరాల చదరపు చేనుకు చుట్టుగట్టు దాదాపు 1,670 అడుగులు. ఎనిమిదడుగులకో మొక్క చొప్పున రెండు వందల టేకు నిలబడతాయి, లోపల పత్తో కందో సాగుతూనే ఉంటుంది. గట్టు వారన నీడకు పంట కొంత తగ్గుతుంది, ఆ మేరకు కౌలు తగ్గించాలి. రోజూ చేనులో ఉండే రైతుకన్నా మంచి కాపలాదారు దొరకడు, కనుక చెట్టు డబ్బులో మూడో వంతు ఆయనదని కాగితం రాయాలి. నర్సరీకి వెళ్లకముందే ఆ కాగితం మీద జెడ్డాలో ఉన్న తమ్ముడూ, చాదర్‌ఘాట్‌లో కాపురమున్న చెల్లెలూ సంతకం పెట్టాలి.