ధ్యాస నిలవకపోతే తిట్లే మందా?

పుస్తకం ముందు కూర్చున్నా మీ పిల్లల ధ్యాస నిలవడం లేదా? బద్ధకమని తిట్టే ముందు, ఇది ఎప్పటి నుంచి ఉందో గుర్తుచేసుకోండి. 12 ఏళ్లలోపే మొదలై ఇంట్లోనూ బడిలోనూ కనిపిస్తుంటే ఏడీహెచ్‌డీ కావచ్చు. బాగా చదివేవారు పరీక్షల ముందు తడబడుతూ, కడుపునొప్పి, గుండెదడ, నిద్ర పట్టడం లేదంటుంటే ఆందోళన కావచ్చు. కొందరిలో రెండూ ఉంటాయి. రక్తహీనత, థైరాయిడ్ సమస్యలు, నిద్రలేమి కూడా ధ్యాసను దెబ్బతీస్తాయి. అందుకే ముందు డాక్టరుకు చూపించండి. చదువును 20 నిమిషాల చొప్పున విడగొట్టండి, ఫోన్ వేరే గదిలో పెట్టించండి, రాత్రి నిద్ర తగ్గనివ్వకండి. పక్కింటి పిల్లలతో పోల్చకండి. అయినా తగ్గకపోతే మానసిక వైద్యుడిని కలవడానికి మొహమాటపడొద్దు. టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. ‘చచ్చిపోవాలనుంది’ అన్న మాట వినిపిస్తే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి.