ఆమెకి ఏం కావాలి?

స్త్రీల సమస్యల మీద వచ్చే కథల్లో సంఘర్షణ దాదాపు ఎప్పుడూ బయటినుంచే వస్తుంది. భర్త తాగొచ్చి కొడతాడు, అత్త కట్నం అడుగుతుంది. ఆమె భరించి భరించి చివరి పేజీలో తిరగబడుతుంది, లేదా చచ్చిపోతుంది. ఇవేవీ అబద్ధాలు కావు. కానీ ఆమె పేరు కొట్టేసి ఇంకొకరి పేరు పెట్టినా కథ మారదు. పాత్రే లేనప్పుడు ఇతివృత్తం ఎక్కణ్ణుంచి వస్తుంది?

విశాఖలో ప్లీడరుగా పనిచేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి 'ఆరు సారా కథలు'లోని 'మాయ' చూడండి. సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ కుర్ర ప్లీడరుకి లోకం తీరు చెబుతుంది. చట్టం చదివినవాడు అతను, అది బజార్లో ఎంతకి పలుకుతుందో తెలిసింది ఆమెకి. జరిగే సంఘటనలు తక్కువే. అయినా కథ నడుస్తుంది, ముత్యాలమ్మ ఎవరి జాలి కోసమూ చెయ్యి చాచలేదు కనక. (రావిశాస్త్రి స్త్రీ పాత్రలన్నిటితోనూ నాకు పేచీ లేకపోలేదు. అది వేరే వ్యాసం.)

ఇదే ఊళ్ళో ఉక్కు ఫ్యాక్టరీకి భూములిచ్చిన కుటుంబం గురించి మనమే కథ రాస్తున్నామనుకుందాం. భూమి పోయింది, తల్లి ఏడ్చింది. ఇది పరిస్థితి, ఇంకా కథ కాదు. నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డు మీద వచ్చే ఉద్యోగం కొడుక్కి కాదు, కూతురికి కావాలని ఆ తల్లి పట్టుబట్టిందనుకోండి. అంతవరకూ ఫ్యాక్టరీ మీద ఒక్క మాటగా ఉన్న ఇల్లు రెండుగా చీలుతుంది. కొడుకు అలుగుతాడు, కులపెద్దలు దిగుతారు, కూతురే వద్దనొచ్చు. మలుపులు మనం తెచ్చి అతికించక్కర్లేదు. ఆమె కోరికలోంచే పుడతాయి.

అలా కోరిక ఉన్న పాత్ర పుస్తకం దాటి కూడా పోగలదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు అక్షరాస్యతా వాచకంలో సీతమ్మ కథ చదివి, తమ ఊరి సారా కొట్టు మూయించారు. సీతమ్మ పడ్డ కష్టాలు వాళ్ళకి కొత్త కాదు, రోజూ పడుతున్నవే. ఆమె పూనుకున్న పనే కొత్త.

కథలకే పరిమితమైన గొడవైతే ఈ పత్రికలో ఇంతగా రాయను. పరిశోధన కోసం స్త్రీల సహాయ కేంద్రాల కేసు ఫైళ్ళు చాలా చదివాను. ఎవరు కొట్టారు, ఎన్నిసార్లు, ఎంత కట్నం - అన్నిటికీ గళ్ళున్నాయి. ఏం కావాలి అన్న గడి లేదు. "విడాకులొద్దు, ఇంట్లో సగం నా పేర రాయించండి చాలు" అన్న మనిషి ఫైలు మీద 'రాజీ ధోరణి' అని రాసి మూసేశారు.