పాత కెమెరా పూజ ఇక చాలు

2022 అక్టోబరులో లైకా కంపెనీ ఎం6 అనే పాత పేరుతోనే ఒక కొత్త ఫిల్ము కెమెరాను బజార్లోకి తెచ్చింది. అప్పట్నుంచీ ఫిల్ము వాడేవాళ్ల మధ్య ఒకటే తగవు. ఇది గొప్పదా, 1984లో వచ్చిన మొదటి ఎం6 గొప్పదా, అసలు 1954 నాటి ఎం3ని మించింది ఇంకోటి పుట్టిందా? నలుగురు కూడిన చోట ముగ్గురు ఆలోచించకుండా పాతదాని వైపే చేయెత్తుతారు. అక్కడితో ఆగరు, కొత్తది కొనాలనుకునే కుర్రాళ్లని చులకన చేసి మాట్లాడతారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. ధవళేశ్వరం గట్టు మీద ఏళ్ల తరబడి ఫిల్ము రీళ్లు ఖర్చుపెట్టినవాడిగా చెబుతున్నాను: పనిచేసేవాడి చేతిలో కొత్త ఎం6 పాత ఎం6 కన్నా మంచిది, ఎం3 కన్నా కూడా మంచిది. ఎవరితోనైనా ఈ మాట మీద వాదానికి కూర్చుంటాను.

ఈ మూడూ రేంజ్‌ఫైండర్ కెమెరాలే. ఆ పద్ధతి ఎరగనివారి కోసం రెండు ముక్కలు. ఇందులో లెన్సులోంచి చూడం, పైన ఒక మూలనున్న చిన్న కిటికీలోంచి చూస్తాం. కిటికీ మధ్యలో మెరిసే గడి ఒకటి ఉంటుంది. అందులో మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు. లెన్సు తిప్పుతుంటే ఆ ఇద్దరూ దగ్గరికి జరిగి ఒకరిలో ఒకరు కలిసిపోతారు. కలిశారంటే ఫోకస్ కుదిరినట్టే. అద్దం ఎగిరి పడే చప్పుడుండదు, మీట నొక్కిన క్షణాన కళ్ల ముందు చీకటి పడదు. ఫ్రేము గీతల బయట ఏం జరుగుతోందో కూడా తెలుస్తుంది. పులస కోసం వరద నీళ్లలో వల వదిలే పడవ గీత లోపలికి రాకముందే వస్తోందని కనిపెట్టి సిద్ధంగా ఉండొచ్చు. ఈ పద్ధతి అంటే నాకు ప్రాణం. అది బతకాలనే ఈ కోపమంతా.

పాతదాని భక్తులు ముందుగా బయటికి తీసే పేరు ఫ్రెంచి ఫొటోగ్రాఫరు ఆన్రీ కార్టియే బ్రెస్సాన్. ఆయన పాత లైకాతోనే కదా ప్రపంచాన్ని మెప్పించాడు అంటారు. ఎంత అన్యాయమైన మాట! ఆయన లైకా చేతపట్టింది 1932లో. ఆ కెమెరా అమ్మకానికి వచ్చింది 1925లో. అంటే దానికప్పటికి ఏడేళ్లు. పెద్ద పెట్టె కెమెరాలూ గాజు పలకలూ రాజ్యమేలుతున్న రోజుల్లో, సినిమా ఫిల్ముతో నడిచే ఆ బుల్లి యంత్రాన్ని నమ్ముకుని ఆయన వీధుల్లో పడ్డాడు. 1948లో గాంధీ అంతిమయాత్రను ఢిల్లీలో తీసినప్పుడూ ఆయన చేతిలో ఉన్నది ఆ కాలపు యంత్రమే, తాతల నాటిది కాదు. తన రోజుల్లో దొరికినవాటిలో మేలైనదాన్ని ఎంచుకున్న మనిషి పేరు చెప్పి, ఈనాటి కుర్రాడికి డెబ్బయ్యేళ్ల యంత్రాన్ని అంటగడుతున్నారు.

అంటగట్టడం అనే మాట ఊరికే వాడలేదు. కడియం వైపు నర్సరీ నడిపే ఇంటి కుర్రాడొకడు కూడబెట్టుకున్న డబ్బంతా పోసి ఆన్‌లైన్‌లో ఎవరి దగ్గరో ఎం3 కొన్నాడు. “గురువుగారూ, బొమ్మలు రెండూ కలవట్లేదండి. నా కంట్లోనే ఏదో తేడా ఉందేమోనండి” అంటూ నా దగ్గరికి తెచ్చాడు. కిటికీ వెలుతురుకి ఎత్తి చూశాను. మధ్య గడి ఉండాల్సిన చోట పలచటి మసక. అంచున నెలవంకలా గోధుమరంగు మరక. లోపలి ప్రిజం ముక్కలను అతికించిన జిగురు విడిపోతే వచ్చే మరక అది. వెనక తలుపు తెరిచి బల్బు కేసి పట్టుకుంటే, షట్టరు గుడ్డకి సూదిమొనంత రెండు చిల్లులు. లెన్సులోకి టార్చి వేస్తే సాలెగూడు పోగుల్లా ఫంగస్ అల్లుకుని ఉంది. అమ్మినవాడు మాత్రం కొత్తదానిలా ఉందని రాశాడట. “నీ కంటికేం కాలేదురా అబ్బాయ్, పోయింది కెమెరా కన్ను” అన్నాను. వాడి మొహం చూడలేకపోయాను. ఇలాంటి సరుకుని పాత బంగారమని అమ్మేవాళ్లని ఎవరూ నిలదీయరు. కొత్త కెమెరా కొన్నవాడిని మాత్రం డబ్బు మదమని దెప్పుతారు!

గోదావరి గాలి ఎలాంటిదో ఇక్కడ పుట్టినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. జూన్ నుంచి నవంబరు దాకా బీరువాలో బట్టలే ముక్కిపోతాయి. చలిదేశాల్లో పొడిగాలిలో అలమరలో దాచిన ఎం3 డెబ్బయ్యేళ్లు నిగనిగలాడుతూ ఉండొచ్చు. అది ఏ చేతులు మారి, ఏ తేమలో నాని మన దాకా వచ్చిందో ఎవరికెరుక? కొనేటప్పుడు పైన తోలు చూసి మురిసిపోతారు, లోపలి గేర్ల మీద ఎండి గట్టిపడ్డ గ్రీజు ఎవరికి కనిపిస్తుంది? బాగుచేయించుకోవచ్చు కదా అంటారు. ఎవరిచేత? ఈ యంత్రాన్ని విప్పి మళ్లీ బిగించగలిగిన మెకానిక్కులు దేశం మొత్తం మీద కొద్దిమంది. వాళ్ల వయసు కూడా కెమెరాల వయసుకి దగ్గరపడుతోంది. ప్రిజం విడిపోయిన ఎం3కి ఇంకో ఎం3ని చంపి ప్రిజం తెచ్చి వేయాలి. అలా ఒకదాన్ని బతికించడానికి ఒకదాన్ని కోసుకుంటూ పోతే చివరికి మిగిలేవెన్ని? పాతవి మాత్రమే కొంటామని ఒట్టేసుకున్నవాళ్లు ఫిల్మును కాపాడుతున్నామని అనుకుంటున్నారు. ఉన్న నిల్వను తిని కూర్చుంటున్నారు, అంతే.

ఇక పని దగ్గరికి వద్దాం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఎర్రనీరు ఉరకలెత్తుతున్న ఆ రోజుల్లో ఎం3లో రీలు మార్చడమంటే ఏమిటో తెలుసా? అడుగు మూత ఊడదీసి ఒక చేత పట్టుకోవాలి. లోపల ఫిల్ము చుట్టుకునే స్పూలుని బయటికి లాగాలి. ఫిల్ము కొసని దానికి దోపి, రెండింటినీ కలిపి మళ్లీ లోపలికి దించాలి. ఊగే పడవలో ఆ స్పూలు వేళ్ల మధ్య నుంచి జారిందా, అంతర్వేది దాకా వెతుక్కోవాల్సిందే. అంతకుముందు, అయిపోయిన రీలుని బొడిపె తిప్పుతూ తిప్పుతూ వెనక్కి చుట్టాలి. 1967లో వచ్చిన ఎం4తోనే ఈ బాధ తీర్చారు. స్పూలు లోపలే ఉంటుంది, ఫిల్ము కొసని దాని మూడు రెక్కల మధ్య దోపితే చాలు. వెనక్కి చుట్టడానికి ఏటవాలు మీట వచ్చింది. ఎం6 రెండు తరాలకీ అది వారసత్వంగా దక్కింది. ఎం3 భక్తులు దీన్ని చిన్న విషయమంటారు. అలా అనేవాళ్లలో పడవ మీద రీలు మార్చినవాళ్లు ఎందరో చెప్పమనండి.

ఎం3 ఫైండరులో 50, 90, 135 మి.మీ. లెన్సుల గీతలే ఉంటాయి. 35 గీత లేదు. గట్టు మీద జనంలో నిలబడి, మనుషుల్నీ వెనక గేట్లనీ ఒక్క ఫ్రేములో పట్టాలంటే 35 లేకుండా కుదరదు. దానికోసం నెత్తిన ఇంకో ఫైండరు తగిలించుకోవాలి, లేదా కళ్లద్దాలు బిగించిన ప్రత్యేకమైన లెన్సు వెతకాలి. ఎం6లో 28 నుంచి 135 దాకా ఆరు గీతలున్నాయి.

మరి పాత ఎం6లోనూ ఇవన్నీ ఉన్నాయి కదా, కొత్తది ఎందుకు అంటారా? ధవళేశ్వరం రేవులో నిలబడితే నది ఉండేది పడమర. సాయంత్రం ఎండ విజ్జేశ్వరం వైపు నుంచి నీళ్ల మీద పడి సూటిగా కళ్లలోకి కొడుతుంది. ఊళ్లో అందమైన వెలుతురు వచ్చేది సరిగ్గా ఆ గంటలోనే. పాత ఎం6 చేతులెత్తేసేదీ అప్పుడే. ఎదురెండ తగలగానే మధ్య గడి తెల్లబారి మాయమైపోతుంది. కంటిని అటూ ఇటూ జరిపి దాన్ని వెతుక్కునేలోపు పడవ దాటిపోతుంది. ఖర్చు తగ్గించుకోవడానికి ఫైండరులో ఒక కటకాన్ని తీసేసిన పాపమది. ఎం6కి ముందు మోడళ్ల నాడే మొదలై దానికీ అంటుకుంది. కొత్త ఎం6లో ఆ జబ్బు నయం చేశారు. ఎదురెండలో గడి నిలుస్తోంది. పాతదాని పైరేకు జింకు పోత, తేమకి పొక్కులు లేచినవి ఎన్నో ఉన్నాయి. కొత్తదాని పైరేకు ఇత్తడి. వెలుతురు కొలిచే మీటరు చూపించే రెండు బాణాల మధ్య ఎర్రచుక్క వచ్చింది, బ్యాటరీ అయిపోతుంటే హెచ్చరిస్తుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చినా షట్టరు అన్ని వేగాల్లోనూ నడుస్తుంది. ఇంతకన్నా ఏం కావాలి?

మీటరు మాట వస్తే కొందరు ఛాతీ విరుచుకుంటారు. నిజమైన ఫొటోగ్రాఫరు వెలుతురుని కంటితోనే కొలుస్తాడట! నడినెత్తిన ఎండలో నేనూ కొలుస్తాను, అదేం బ్రహ్మవిద్య కాదు. శ్రావణంలో మబ్బు కమ్మి, నిమిషానికో రంగు మారే నీళ్ల మీద కొలిచి చూపించమనండి. ఒక రీలు కొని, పొరుగూరికి పంపి కడిగించి, ప్రింట్లు వేయించుకునేసరికి ఎంత అవుతోందో వాళ్లకి తెలుసు. ఆ ఖర్చులో సగం ఫ్రేములు నల్లబడితే ఏడ్చేది ఎవరు?

న్యాయం చెప్పాలంటే ఎం3 ఫైండరు ముందు ఇప్పటికీ ఏదీ నిలవదు. అది లోకాన్ని దాదాపు అసలు సైజులో, 0.91 వంతు చూపిస్తుంది. ఎం6 చూపించేది 0.72. యాభై లెన్సు పెట్టుకుని, ఇంట్లో నిదానంగా మనిషి మొహం తీసుకునేవాడికి, లోపల ప్రిజం బాగున్న ఎం3 దొరికితే, అతన్ని నేనేమీ అనను. కొత్తదైనంత మాత్రాన నెత్తిన పెట్టుకోమనీ అనను. 1971 నాటి ఎం5 కొత్తదే, లావెక్కి జనానికి నచ్చలేదు. 2002 నాటి ఎం7 కొత్తదే, బ్యాటరీ పోతే రెండే రెండు వేగాలు మిగులుతాయి. కోసీనా కంపెనీ బెస్సా కెమెరాలు చవకే గానీ రేంజ్‌ఫైండర్ కిటికీల మధ్య ఎడం మరీ తక్కువ, నిడుపాటి లెన్సుతో ఫోకస్ నమ్మలేం. యాషికా ఎలక్ట్రో 35 మీద నాకు చాలా మమకారం. కానీ దాని బ్యాటరీ పాదరసంతో చేసింది, ఇప్పుడు దొరకదు, ఏదో ఒకటి అతికించి నెట్టుకు రావాలి.

కొత్తదాన్ని ఒప్పుకోవడం పాతదానికి ద్రోహమని బాధపడేవాళ్లు ఒకసారి మా ఊరు రండి. ఇంజనీరు కాటన్ దొర గోదావరి మీద 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేసిన ఆనకట్ట వందేళ్లకి పైగా డెల్టాకి అన్నం పెట్టింది. అది ముసలిదైపోతే మనవాళ్లు ఏం చేశారు? కాటన్ కట్టాడు కదా, దీన్ని మించింది లేదు అని దండం పెడుతూ కూర్చోలేదు. 1970లో మొదలుపెట్టి 1982కల్లా 175 గేట్లతో కొత్త బ్యారేజీ కట్టారు. దానికి ఆయన పేరే పెట్టుకున్నారు. ఆయన తవ్వించిన కాలువల్లోనే ఈనాటికీ నీళ్లు పారుతున్నాయి. కాటన్ కూడా కావేరి మీద చోళుల కల్లణై ఆనకట్టని చూసి నేర్చుకున్నాడు, ఆ తర్వాత తన కాలానికి తగ్గట్టు తాను కట్టాడు. 1954లో ఎం3 కోసం చేసిన లెన్సు 2022 ఎం6కి అలాగే బిగుస్తుంది. ఆ కాలువలు మారనట్టే లెన్సు బిగించే పద్ధతీ మారలేదు. ఇంకేం ద్రోహం జరిగింది?

ఇప్పుడు అసలు అన్యాయం. అమెరికాలో విడుదలైనప్పుడు కొత్త ఎం6 ధర 5,295 డాలర్లు, లెన్సు లేకుండా. నర్సరీ కుర్రాడు ఆ మొత్తం ఏ జన్మలో చూస్తాడు? ఇంత ధర పెట్టి మళ్లీ పనివాడి కెమెరా అని చెప్పుకోవడాన్ని నేను ఒప్పుకోను. అది కొనగలిగినవాళ్లలో ఎంతోమంది పెట్టె కూడా పూర్తిగా విప్పరు. మీట మీద గీత పడకుండా గాజు బీరువాలో పెట్టి, ధర పెరిగాక అమ్ముకుంటారు. పాతవాటిని పూజించేవాళ్ల మీద ఎంత కోపముందో వీళ్ల మీదా అంతే ఉంది. ఆగస్టులో బ్యారేజీ మీదికి తీసుకురండి, తడవనివ్వండి, గీతలు పడనివ్వండి. వాడనివాడు అమ్మేయండి, వాడేవాడికి సగం ధరకి ఇవ్వండి.

కంపెనీని అడగాల్సింది ఒక్కటే. పాత ఎం6లో మీటరు బోర్డు చెడితే ఇప్పుడు కొత్త బోర్డు దొరకడం గగనమైపోయింది. కొత్తదానికి ఆ గతి పట్టదని, యాభై ఏళ్లు విడిభాగాలు ఇస్తామని రాసివ్వమనండి. ఇండియాలో దాన్ని విప్పి బిగించే పని పదిమందికి నేర్పమనండి. అది చేయకపోతే 2050లో ఇంకొకడు ఇదే గట్టు మీద నిలబడి కొత్త ఎం6ని దుమ్మెత్తిపోస్తూ రాస్తాడు, రాయాలి కూడా.