పాదరక్షలా? పాదశిక్షలా?

మన పూర్వులు కాళ్ళకు తొడుక్కునే వాటికి ఆలోచించే పేరు పెట్టారు. పాదభూషణాలు అనలేదు, పాదరక్షలు అన్నారు. భూషణం చూసేవాళ్ళ కోసం, రక్ష తొడుక్కున్నవాడి కోసం. భరతుడు సింహాసనం మీద పెట్టింది అన్నగారి కిరీటాన్ని కాదు, పాదుకల్ని. పాదుకా పట్టాభిషేకం కథ ఇంటింటా చెప్పుకునే దేశంలో, రోజంతా కష్టపడే మనిషి కాలికి ఏం తొడుక్కోవాలన్న ప్రశ్న మాత్రం ఎవరికీ పట్టని ప్రశ్నగా మిగిలిపోయింది.

ఈ సావనీరులో యువతరం కర్తవ్యం మీద, విద్యావిధానం మీద గంభీరమైన వ్యాసాలు వుంటాయి. వాటి మధ్య బూట్ల మీద వ్యాసమేమిటని నవ్వే మిత్రులు తప్పక వుంటారు. నవ్వనివ్వండి. నేను రైతు బిడ్డను, పైగా సైన్సు విద్యార్థిని. పొలంలో కాలి గతీ, లాబొరేటరీలో కాలి గతీ రెండూ చూస్తున్నవాణ్ణి. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: బూటు అలంకారం కాదు, పనిముట్టు. పనిముట్టును ఎంచుకున్నట్టే దాన్ని ఎంచుకోవాలి. పనిచేసే ప్రతి మనిషికీ అది అందాలి.

మా వైపు రైతు కొడవలి కొనేటప్పుడు బొటనవేలితో పదును చూస్తాడు. ఎద్దును కొనేటప్పుడు పళ్ళు లెక్కపెడతాడు, గిట్టలు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి మరీ చూస్తాడు. రోడ్డు మీద గిట్టలు అరుగుతాయని లాడాలు కొట్టిస్తాడు. ఇప్పుడు ఎడ్లు తగ్గి ట్రాక్టర్లొచ్చాయి. టైరు అరిగితే అప్పు చేసైనా మారుస్తాడు. అదే రైతు తన కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి, సంతలో గుట్టగా పోసిన హవాయి చెప్పుల్లోంచి ఒక జత లాగి, బేరమాడి, చంకన పెట్టుకుని వస్తాడు. చేలోకి దిగేటప్పుడు వాటిని కూడా గట్టు మీద విడిచిపెడతాడు. ఎద్దుకున్న భాగ్యం యజమానికి లేదు!

దీని ఫలితం చిన్నదేమీ కాదు. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయి వుంటారని పరిశోధకుల అంచనా. అంటే ఏడాదికి సగటున 58 వేలు. 2005వ సంవత్సరానికి వేసిన మరొక అంచనాలో, జనాభా లెక్కన పాముకాటు మరణాల రేటు అన్నిటికంటె ఎక్కువగా వున్న రాష్ట్రం నాటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశే. కాట్లు ఎక్కువగా పడేది కాళ్ళ మీదే. చీకట్లో మోటారు వేయడానికో, నీళ్ళు మళ్ళించడానికో గట్టు మీద నడిచేవాడికి మోకాలి కిందదాకా వచ్చే గంబూట్లు, చేతిలో ఒక టార్చిలైటు వుంటే ఈ లెక్కలో ఎన్ని ప్రాణాలు తగ్గేవో ఆలోచించండి.

పాము కనిపించే శత్రువు. కనిపించని శత్రువు కొంకి పురుగు. దాని పిల్లలు తడి మట్టిలో వుండి, ఉత్తి కాలి చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోతాయి. రక్తంతో ఊపిరితిత్తులకు, అక్కడినుంచి గొంతులోకి, గొంతులోనుంచి పేగుల్లోకి చేరి అక్కడ రక్తం పీలుస్తాయి. మన పల్లెల్లో ఆడవాళ్ళకూ పిల్లలకూ వుండే రక్తహీనతకు తిండి లోపం ఒక్కటే కారణం కాదు, కాలికి జోడు లేకపోవడం కూడా ఒక కారణమే. జువాలజీ పరీక్షలో ఈ పురుగు జీవితచరిత్ర రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళం మనలో చాలామందిమి వున్నాం. ఇంటికెళ్ళి ఆ సంగతి అమ్మకు చెప్పినవాళ్ళు ఎందరు?

ఇక్కడ ఇంకో మాట చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. కాలికి జోడు లేకపోవడానికి పేదరికం ఒక్కటే కారణం కాదు. ఫలానా వీధిలోకి వస్తే చెప్పులు విడిచి చేతపట్టుకుని నడవాలని కొన్ని కులాలవాళ్ళను శాసించిన ఊళ్ళు మన దేశంలో కోకొల్లలు. అది పాత కథ అనుకునేవాళ్ళు షెడ్యూల్డు కులాలు, తెగల మీద అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణను చదవాలి. బహిరంగ స్థలంలో చెప్పులు తొడుక్కోనివ్వకపోవడం నేరమని అందులో ప్రత్యేకంగా రాయవలసి వచ్చింది. పాదుకలకు పట్టం కట్టిన సంస్కృతి, ఆ పాదుకలు కుట్టిన చేతుల్ని మాత్రం ఊరి బయట కూచోబెట్టింది. తంగేడు చెక్కతో తోలు పదును చేసిన ఆ మనిషి, పేరు తెలియకపోయినా, రసాయనశాస్త్రం చేసినవాడే.

ఇక మన కళాశాల సంగతి. కెమిస్ట్రీ లాబులో కాలు పూర్తిగా మూసే బూట్లుండాలన్నది ఎక్కడైనా వున్న నియమమే. కానీ హాస్టల్లో వుండే మిత్రులకు చాలామందికి వున్నదే ఒక్క జత, అదీ హవాయి. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం చుక్క వేళ్ళ సందున పడితే దానికి మన ఇంటర్నల్ మార్కులతో పనిలేదు. చాలామంది చవకగా వస్తాయని గుడ్డ బూట్లు కొంటారు. గుడ్డ ఆమ్లాన్ని పీల్చి చర్మానికి అంటిపెట్టి వుంచుతుంది. దానికంటె మామూలు తోలు బూటు వెయ్యి రెట్లు నయం. మనకు గాజు సామాను అందించే అటెండరు, నేల తుడిచే ఆయమ్మ ఏం తొడుక్కుని పనిచేస్తున్నారో ఎప్పుడైనా చూశారా?

సరే, మంచి జోడును గుర్తుపట్టడం ఎట్లా? ఫోనులో బొమ్మ చూసి, పేరు చూసి, పక్కవాడి కాలు చూసి కొనేవాళ్ళే ఎక్కువ. నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెబుతాను.

మొదటిది పాదం. పాదంలో 26 ఎముకలున్నాయి. సాయంత్రానికి పాదం కొంచెం ఉబ్బుతుంది కనుక బూట్లు సాయంత్రమే కొనాలి. రెండు పాదాలు ఒకే కొలత వుండవు, పెద్దదానికి సరిపోవాలి. ముందు బొటనవేలు వెడల్పంత ఖాళీ వుండాలి, నడిస్తే మడమ జారకూడదు. వేళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా విప్పారి వుండాలి. మద్రాసులోని కేంద్రీయ చర్మ పరిశోధనా సంస్థవారు 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో లక్షమందికి పైగా పాదాలు కొలిచి, మన పాదాలు యూరపు, అమెరికా వాళ్ళ పాదాల కంటె వెడల్పని తేల్చారు. మనం వాడుతున్నది ఇంగ్లీషు వాళ్ళు వదిలి వెళ్ళిన నెంబర్లు. అందుకే వెడల్పు చాలక, పొడుగు ఎక్కువైన బూటు కొని, లేసు బిగించి కట్టుకుంటున్నాం. చిన్నప్పటినుంచి ఉత్తికాళ్ళతో తిరిగిన పల్లె పాదానికి ఈ శిక్ష మరీ ఎక్కువ. "అలవాటైతే సాగుతుందిలే బాబూ" అని షాపువాడు అంటే నమ్మకండి. తోలు కొంత సాగుతుంది, ఎముక సాగదు.

రెండోది అడుగు, అంటే సోలు. పి.వి.సి. చవక, కానీ తడి నేల మీద జారుతుంది. ఇ.వి.ఎ. అనే నురగ పదార్థం దూదిలా తేలిక. రోజూ మైళ్ళు నడిచేవాడి కింద త్వరలోనే అణగిపోతుంది. పాలీయురెథేన్ మెత్తన, మన్నిక కూడా. అయితే దానికొక జబ్బుంది. మన కోస్తా తేమకు జలవిశ్లేషణ జరిగి, పెట్టెలో దాచిన బూటు కూడా కొన్నేళ్ళకు బెల్లపు గడ్డలా పొడి అవుతుంది. పెళ్ళికి కొని దాచుకుంటే పిల్లవాడి అన్నప్రాశన నాటికి సోలు వుండదు! రబ్బరు బరువే, కానీ అరుగుదలకూ తడికీ తట్టుకునేది అదే. ఒక హెచ్చరిక: రబ్బరు సోలుంది గదా అని తడి చేత్తో మోటారు స్టార్టరు ముట్టుకోకూడదు.

మూడోది కుట్టు. గమ్ముతో అంటించిన సోలు ఊడితే బూటు పని అయిపోయినట్టే. కుట్టిన సోలైతే అరిగాక విప్పి కొత్తది వేసుకోవచ్చు. గంధకంతో రబ్బరును గట్టిపరచే పద్ధతి 1839లో కనిపెట్టిన చార్లెస్ గుడ్‌ఇయర్ మనకు పాఠాల్లో తెలుసు. బూటు అంచు చుట్టూ తోలు పట్టీ వేసి సోలును దానికి కుట్టే యంత్రానికి 1870లలో పేరు తెచ్చింది ఆయన కొడుకు. తండ్రి సోలుకు ప్రాణం పోస్తే, కొడుకు దాన్ని మార్చుకునే దారి చూపాడు. బూటును వంచి, అంచున దారం నిజంగా సోలులోకి దిగిందా, లేక అందానికి గీసిన గీతా అని చూడండి.

నాలుగోది గుర్తు. వర్క్‌షాపుల్లో వాడే సేఫ్టీ బూట్లకు ఐ.ఎస్. 15298 అనే భారతీయ ప్రమాణం వుంది. అందులో రెండో భాగం కింద వచ్చే బూటు మునివేళ్ళ దగ్గరి కప్పు 200 జౌళ్ళ దెబ్బకు తట్టుకోవాలి. లెక్క వేసి చూడండి, 20 కిలోల బరువు మీటరు ఎత్తునుంచి పడితే ఇంచుమించు అంతే. రోజూ క్లాసుకూ, లాబుకూ, పొలానికీ అంత కవచం అక్కర్లేదు, కాలు బరువెక్కుతుంది. నాలుగో భాగం కింద ఇనప కప్పు లేని, పనికి తగిన బూట్లున్నాయి. మనకు కావలసినవి అవి.

ఇక పోషణ. ఒకే బూటును రోజూ తొడగకుండా, వీలైతే మధ్యలో ఒకరోజు ఆరనివ్వాలి. తడిస్తే లోపల పాత పేపర్లు కుక్కి నీడన ఆరబెట్టాలి. ఎండలో పెడితే తోలు అప్పడమవుతుంది. మన తాతలు కిర్రు చెప్పులకు ఆముదం రాసేవారు. అది గాలికి గడ్డకట్టని నూనె కనుక తోలును మెత్తగా వుంచుతుంది. తాతలకు కారణం తెలియకపోవచ్చు, పని తెలుసు.

"ఈ ఎండల్లో, ఈ బురదలో బూట్లేమిటయ్యా?" అనేవాళ్ళున్నారు. మా నాయన కూడా అదే అంటారు. అందులో నిజం లేకపోలేదు. నాట్లు వేసే దమ్ములో బూటు దిగబడితే కాలు వస్తుంది, బూటు రాదు. అక్కడ ఉత్తి కాలే గతి. కానీ పొలం పని అంటే నాట్లొక్కటే కాదు గదా! గట్ల మీద నడక వుంది, కుప్ప నూర్పిడి వుంది, మందు కొట్టడం వుంది, రాత్రి నీటికాపు వుంది. వీటికి బూటు అడ్డం కాదు. ఎండకు కావలసింది గాలి ఆడే తోలు, నూలు మేజోళ్ళు. అంతేగాని చెప్పుల్లేకపోవడం కాదు.

ఆడవాళ్ళ సంగతి మరీ అన్యాయం. కలుపు తీసేది, పత్తి ఏరేది, మిరపకాయ కోసేది ఎక్కువగా వాళ్ళే. షాపులో మాత్రం వాళ్ళకు దొరికేవి తళుకుల చెప్పులు, పలచటి అడుగులు. గట్టి బూటు అడిగితే మగపిల్లల సైజు చూపిస్తారు. మన లాబుల్లోని విద్యార్థినులకూ ఇదే ఇబ్బంది. పని ఆడదైతే బూటు మగదా?

ఖర్చు మాటకొస్తే ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. నాలుగు వందల జోడు ఆరు నెలలు వస్తుందనుకుందాం. మూడేళ్ళ డిగ్రీకి ఆరు జతలు, 2,400 రూపాయలు. పద్ధెనిమిది వందల కుట్టు బూటు మధ్యలో మూడు వందలు పెట్టి సోలు మార్పిస్తే అదే మూడేళ్ళు వస్తుంది, 2,100. చవకదే ఖరీదైనదన్నమాట! అయితే ఈ లెక్క మా నాయనకు తెలియక కాదు. జూన్ నెలలో విత్తనాలూ, ఎరువులూ, నా ఫీజూ ఒక్కసారి మీద పడ్డప్పుడు ఆయన జేబులో నాలుగు వందలే వుంటాయి, పద్ధెనిమిది వందలు వుండవు. పేదవాడు తెలివితక్కువై చవక సరుకు కొనడు, వాయిదా దొరకక కొంటాడు.

అందుకే ఇది ఉపదేశంతో తీరే సమస్య కాదు. మన విద్యార్థి సంఘం తలచుకుంటే చేయగలిగిన పనులు మూడు వున్నాయి. ఒకటి, ఏడాది మొదట్లోనే విద్యార్థినీ విద్యార్థుల పాదాల కొలతలు, పొడుగూ వెడల్పూ రెండూ, తీసుకుని, ఐ.ఎస్.ఐ. గుర్తున్న మంచి బూట్లు టోకున తెప్పించి, నెలనెలా వాయిదాల మీద ఇప్పించాలి. రెండు, లాబు అటెండర్లకూ, పారిశుద్ధ్యపు పనివాళ్ళకూ ఏటా ఒక జత ఇవ్వాలని యాజమాన్యాన్ని అడగాలి. మన బూట్ల కంటె ముందు వాళ్ళ బూట్లు అడగాలి. మూడు, కళాశాల గేటు పక్కన ఎండలో గోనెపట్టా పరుచుకుని చెప్పులు కుట్టే ఆయనకు ఒక చిన్న రేకుల షెడ్డు వేయించాలి. ఆయన చేతిలోని ఆరె, దారం లేకపోతే, కుట్టు సోలు మన్నిక గురించి నేను చెప్పిందంతా గాలి మాటే.

వార్షికోత్సవానికి రంగు కాగితాలకు పెట్టే ఖర్చులో కొంత తగ్గించుకున్నా ఆ షెడ్డు లేస్తుంది. డిగ్రీ పుచ్చుకుని మనం ఎక్కడెక్కడికో నడిచి వెళ్ళిపోతాం. ఆ నడకకు పునాది ఇక్కడ వేసుకుందాం. ఈసారి బూట్లు కొనడానికి బజారుకెళ్ళినప్పుడు అద్దంలో చూసుకోకండి. నాలుగడుగులు నడిచి చూసుకోండి. ఎద్దును కొనే రైతు చేసేది అదే.