వెబ్‌సైటు నిర్మించువాని ధర్మము

వెబ్‌సైటులు నిర్మించుట నేఁడు మన విద్యార్థులలో ననేకులు జీవనోపాధిగాఁ గోరుచున్న వృత్తి. ఈ వృత్తియం దొక వివాదము గలదు. సైటును నిర్మించు డెవలపరు, గూగుల్ మొదలగు సెర్చ్ ఇంజనులలో వెదకువారికి ఆ సైటు దొరకునట్లు గూడఁ జేయవలెనా? లేక యది ప్రత్యేకముగ సొమ్మిచ్చి మఱియొకనిచేఁ జేయించుకొనవలసిన పనియా? ఎస్.ఇ.ఓ. యని వ్యవహరింపఁబడునది యీ పనియే. ఇందు సైటును నిర్మించునపుడే చేయఁదగిన భాగము డెవలపరునకు విధి యనియు, తక్కినది విధి కాదనియు నా యభిప్రాయము.

"డెవలపరు పని కోడు వ్రాయుట. ఎస్.ఇ.ఓ. వ్యాపార ప్రచారము, దాని నియమములు తఱచుగ మాఱుచుండును. ఒక జీతమునకు రెండు పనులు చేయు మనుట న్యాయము కాదు" అని ప్రతిపక్షమువా రందురు. ఇందు సత్యము లేకపోలేదు. ప్రతిమాసము క్రొత్త వ్యాసములు వ్రాయుట, ప్రకటనలు నడపుట, ఏ మాటకు సైటు ఎన్నవ స్థానమున నున్నదో కనిపెట్టుచుండుట వేఱు పనులు. వీనికి వేఱు ప్రతిఫల ముండవలసినదే. కాని యీ కారణముచేఁ దక్కినదానిని గూడ విడిచిపెట్టుట యుక్తము కాదు.

సెర్చ్ ఇంజను పనిచేయు విధము నించుక విచారింతము. దాని ప్రోగ్రాము లింకు వెంబడి లింకు పట్టుకొని సైటులను దిరిగి, పుటలను జదివి, గ్రంథము చివర నుండు పదసూచికవంటి మహాసూచికను గూర్చుకొనును. మనము వెదకునపుడు చూపునది యా సూచికనుండి తీసినదే. పుట శీర్షిక, లోపలి యుపశీర్షికలు, బొమ్మలకు వ్రాసిన వివరణము, పుటల జాబితా నిచ్చు సైట్‌మ్యాప్, సెల్‌ఫోనులో త్వరగాఁ దెఱచుకొను తేలికదనము, ఇవన్నియు నా ప్రోగ్రామునకు సహాయపడును. ఇవి యన్నియుఁ గోడుతో ముడిపడినవే. డెవలపరు గాక వేఱెవ్వరు వీనిని మొదటనే సరిగాఁ గూర్పఁగలరు? బొమ్మల వివరణమును, శీర్షికల క్రమమును, స్క్రీన్ రీడరు సాయముతోఁ జదువు అంధులకు గూడ నుపకరించును.

మన యూరినే దృష్టాంతముగఁ గైకొందము. మెదక్ జిల్లాలోని యీ యూరిని కొందఱు ఎల్దుర్తి యనియు, కొందఱు వెల్దుర్తి యనియు వ్రాయుదురు. కర్నూలు జిల్లాలో నొక వెల్దుర్తి, పల్నాడు జిల్లాలో మఱియొక వెల్దుర్తి గలవు. ఇంగ్లీషు అక్షరములలో నీ పేరు వ్రాయు రీతులు ఇంకను బెక్కు. ఇక్కడి యొక పాఠశాల సైటు శీర్షికలో "స్వాగతము" అని మాత్రమే యుండి, ప్రవేశపు ప్రకటన స్కాను చేసిన బొమ్మగా నుండెనేని, గల్ఫు దేశమునఁ బనిచేయుచు బిడ్డ చదువునకై సెల్‌ఫోనులో వెదకు తండ్రికి వేఱొక జిల్లా పాఠశాల కనఁబడవచ్చును. గడువు దాటిపోయిన పిదప నా బిడ్డకుఁ గలుగు నష్టమునకు బాధ్యు లెవరు? "ఎల్దుర్తి (వెల్దుర్తి), మెదక్ జిల్లా, తెలంగాణ" అని శీర్షికలో వ్రాసి, ప్రకటనను అక్షరములలోనే కూర్చుట యెంత పని?

తెలుఁగువారి కీ విషయమున ననుభవము గలదు. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పులోనే తెలుఁగు లిపికి స్థానము లభించెను. ఐనను జాలకాలము పెక్కు తెలుఁగు సైటులు తమతమ సొంత ఫాంటులతోనే నడచెను. కంటికిఁ దెలుఁగుగాఁ గనఁబడిన యా పుటలు యంత్రమునకు అర్థములేని యింగ్లీషు అక్షరముల గుంపు. 2003లో తెలుఁగు వికీపీడియాను ప్రారంభించిన వెన్న నాగార్జునగారు, అట్టి పుటలను యూనికోడులోనికి మార్చుటకు "పద్మ" యను పనిముట్టును గల్పింపవలసివచ్చెను. నేఁటికిని అను ఫాంటులలోఁ గూర్చిన ప్రకటనల నట్లే సైటులో నుంచువారు గలరు. మొదట సరిగాఁ గూర్పనిదానిని పిమ్మటఁ జక్కదిద్దుటకు శ్రమ రెట్టింపు.

అయినను ఎస్.ఇ.ఓ. పేరిట జరుగు మోసములను నేను సమర్థింపను. తెల్లని పుటపైఁ దెల్లని యక్షరములతో మాటలను దాచుట, ఒకే మాటను నూఱుసారులు కుక్కుట, స్థానము పెంచుకొనుటకై లింకులను గొనుట, ఇవి చదువరిని వంచించు పనులు. గూగుల్ వీనిని నిషేధించినది. కీవర్డుల ట్యాగును స్థాననిర్ణయమునకుఁ దాము గణింపమని యా సంస్థ 2009లోనే ప్రకటించెను. కావున దానిని నింపుటకు సొమ్మడుగుట యనుచితము. మొదటి స్థానమునకు హామీ నెవ్వరును ఈయఁజాలరని గూడ నా సంస్థయే హెచ్చరించుచున్నది.

కావున నీ వృత్తిని గోరు సోదర సోదరీమణులారా! పని నొప్పుకొనునపుడే, శీర్షికలు, బొమ్మల వివరణములు, యూనికోడు తెలుఁగు, సైట్‌మ్యాప్ నిర్మాణములో భాగములనియు, ప్రకటనలు, నిత్యపర్యవేక్షణము వేఱనియుఁ గాగితముపై వ్రాసి యిండు. మన పల్లెలలో సైటు చేయించుకొనువారిలోఁ బెక్కుర కీ భేదము తెలియదు. కావున వా రడుగను లేరు. అడుగ నెఱుఁగనివాని పనిని గూడ సరిగాఁ జేసి యిచ్చువాఁడే నమ్మఁదగిన పనివాఁడు.