నిర్ధారణకు ముందు ఖర్చు ఎవరిది?

జిల్లా ఆసుపత్రులన్నింటిలో మూడేళ్లలో క్యాన్సర్ డే కేర్ కేంద్రాలు తెరుస్తామని, వాటిలో 200 తొలి ఏడాదే వస్తాయని 2025-26 బడ్జెట్‌లో కేంద్రం చెప్పడం స్వాగతించదగినదే. కీమోథెరపీకి మాటిమాటికీ ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ చేరాల్సిన రోగికి చార్జీలు, బస ఖర్చు, తోడు వచ్చేవారి కూలి మిగులుతాయి. అయితే క్లోమ క్యాన్సర్ రోగి కుటుంబానికి అప్పులు మొదలయ్యేది అంతకు చాలా ముందే. అజీర్తి అనో, నడుంనొప్పి అనో ఆసుపత్రులు మారుతూ స్కానింగులకు, ఎండోస్కోపీకి, బయాప్సీకి సొంత డబ్బే పోస్తుంది. ఆయుష్మాన్ భారత్ మాత్రం ఆసుపత్రిలో చేరడానికి ముందు మూడు రోజుల ఖర్చునే లెక్కలోకి తీసుకుంటుంది. ఆపరేషన్‌కు వీలున్న దశలో బయటపడేది ఐదుగురిలో ఒకరికి మించని జబ్బు విషయంలో ఇది నిర్దయ. వ్యాధి నిర్ధారణైన పేద రోగికి కనీసం మూడు నెలల పరీక్షల బిల్లులు తిరిగి చెల్లించాలి. ఆపరేషన్ తర్వాత చాలామంది జీవితాంతం వాడాల్సిన జీర్ణ ఎంజైమ్ క్యాప్సూళ్లను జిల్లా ఆసుపత్రుల్లోనే ఉచితంగా ఇవ్వాలి.