తాళంచెవుల గుత్తి ఎవరికి?

ఓరుగల్లు ముచ్చట

మన బమ్మెర పోతన పేరు మీద ఒక ఫాంట్ ఉంది, పోతన2000. తయారు చేసినవారు తిరుమల కృష్ణ దేశికాచార్యులు. వేమన2000 కూడా ఆయన చేతి చలవే. రెండింటినీ స్వేచ్ఛా లైసెన్సుతో లోకానికి వదిలారు కాబట్టే డెబియన్ లినక్స్ వాలంటీర్లు వాటిని తమ ప్యాకేజీల్లో చేర్చుకోగలిగారు. వెన్న నాగార్జున రాసిన ‘పద్మ’ సంగతీ అంతే. పాత ఫాంట్ల తెలుగును యూనికోడ్‌లోకి మార్చడానికి పుట్టిన ఆ కోడ్ ఆధారంగానే వీవెన్ తెలుగు టైపు చేసే ‘లేఖిని’ని తయారుచేశారు. కంప్యూటర్‌లో మొదటిసారి తెలుగు రాసింది లేఖినిలోనే అని చెప్పేవాళ్ళు ఇవాళ్టికీ కనిపిస్తారు. ఒకరు రాసింది మరొకరి చేతిలో కొత్త రూపం ఎత్తడానికి వీలునామా అవసరం పడలేదు.

మరి ఇలా కోడ్ అందరికీ తెరిచి ఉంచే ఓపెన్ సోర్స్‌లో నాయకత్వం చేతులు మారడం ఎందుకంత తలనొప్పి? కోడ్ అందరిదీ అయినా తాళాలు ఒక్కరి దగ్గరే ఉంటాయి కాబట్టి. కొత్త వెర్షన్ విడుదల చేసే హక్కు, వెబ్‌సైట్ చిరునామా, సర్వర్ పాస్‌వర్డ్, ఫలానా లైను అలా ఎందుకు రాశామన్న జ్ఞాపకం... ఇవేవీ లైసెన్సుతో పాటు రావు. వెనకటి ఉమ్మడి కుటుంబంలో వంటా వార్పూ అంతా కోడలిదే, తాళంచెవుల గుత్తి మాత్రం అత్తగారి నడుముకే. చాలా ప్రాజెక్టుల్లో ఇప్పటికీ ఇదే కాపురం.

గుత్తి విడవకపోవడం ఒక తప్పయితే, విసిగిపోయి ఎవరో ఒకరి చేతిలో పెట్టేయడం అంతకంటే పెద్ద ముప్పు. ఫైళ్ళను కుదించే ‘ఎక్స్‌జెడ్’ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌ను ఏళ్ళ తరబడి లాసె కొలిన్ దాదాపు ఒంటరిగా మోశారు. ఆరోగ్యం సహకరించని రోజుల్లో, పనులు ఆలస్యమవుతున్నాయి, ఇంకెవరికైనా అప్పగించండి అంటూ ముక్కూమొహం తెలియని పేర్లతో ఒత్తిడి మొదలైంది. అప్పటికే ‘జియా టాన్’ అనే పేరుతో ఒకరు బుద్ధిగా కోడ్ సవరణల ప్యాచ్‌లు పంపుతున్నారు. రెండేళ్ళలో నమ్మకం కుదిరింది, తాళాలు అందాయి. 2024 ఫిబ్రవరి వెర్షన్‌లో దొంగదారి చేరింది. లాగిన్‌కు అరసెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వి, మార్చి 29న లోకానికి చెప్పారు కాబట్టి గండం తప్పింది. కొలిన్‌ను నిందించడానికి నాకు నోరు రాదు. ఆయన శ్రమ మీద బతికిన కంపెనీలు ఆయనకు తోడుగా ఒక మనిషిని ఇచ్చి ఉంటే ఆ ముసుగు మనిషికి చోటే ఉండేది కాదు.

వారసత్వం అనగానే ఓరుగల్లువాళ్ళం గణపతిదేవుణ్ణి తలుచుకోకుండా ఉండలేం. తాను బతికి ఉండగానే కూతురు రుద్రమదేవిని పాలనలో భాగస్వామిని చేశాడు. ముందుచూపే. అయినా ఆమె సామంతుల తిరుగుబాట్లు ఎదుర్కోక తప్పలేదు. ఎంత తర్ఫీదు ఇచ్చినా, పైనుంచి ఎంపికైన వారసుణ్ణి అందరూ ఒప్పుకుంటారన్న పూచీ లేదు. సాఫ్ట్‌వేర్‌లో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. నచ్చనివాళ్ళు కత్తి దూయనక్కర్లేదు, కోడ్ కాపీ చేసుకుని వేరు కుంపటి పెట్టుకుంటారు.

అందుకే ప్రోగ్రామింగ్ భాష పైథాన్ పద్ధతి నాకు నచ్చింది. ఆ భాషను పుట్టించిన గీడో వాన్ రోసమ్ ఒక చిన్న మార్పు మీద రేగిన రచ్చతో విసిగి 2018 జులై 12న పెద్దరికం వదులుకున్నారు. వారసుడి పేరు మాత్రం చెప్పలేదు, ఎలా నడుపుకుంటారో మీరే తేల్చుకోండి అన్నారు. ప్రధాన డెవలపర్లు ఏడు ప్రతిపాదనలు రాసుకుని, ఓటేసి, డిసెంబరు కల్లా అయిదుగురి మండలి పద్ధతిని ఎంచుకున్నారు. ఒకే సంస్థ ఉద్యోగులు అందులో ఇద్దరికి మించకూడదు. ప్రతి పెద్ద వెర్షన్ తర్వాత మళ్ళీ ఎన్నిక. మొదటి మండలిలో గీడో కూడా ఉన్నారు, అయిదుగురిలో ఒకరిగా. తర్వాతి ఎన్నికకు తప్పుకున్నారు. మండలి అంటే నిర్ణయాలు నత్తనడక నడుస్తాయనే మాటలో నిజముంది. ఒక మనిషి అలసిపోయినంత మాత్రాన పని ఆగిపోకుండా ఉండేందుకు చెల్లించే ధర అది. నా లెక్కలో చవకే.

ఇదంతా ఎక్కడివాళ్ళ గొడవో అనుకోకండి. 1959లో మొదలైన ఆర్‌ఈసీ, అంటే నేటి నిట్, ఆ తర్వాత వెలసిన ఇంజనీరింగ్ కాలేజీలతో మన ఊరు నాలుగేళ్ళకోసారి పూర్తిగా మనుషులు మారిపోయే ఊరైంది. ఏ కాలేజీలోనైనా సాంకేతిక క్లబ్బుల పదవులు ఏటా చేతులు మారతాయి. తాళాలూ మారుతున్నాయా? సైట్ ఎవరో సీనియర్ సొంత మెయిల్‌తో నమోదై ఉంటే, ఆ సీనియర్ ఉద్యోగానికి బెంగళూరు బస్సెక్కిన రోజే ప్రాజెక్టూ బస్సెక్కినట్టే.

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. ప్రతి తాళం కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి. ఖాతాలు క్లబ్బు పేరు మీద ఉండాలి. తర్వాతి బాధ్యుల్ని ఎలా ఎన్నుకోవాలో ఒక పేజీలో రాసి పెట్టాలి. మూడో ఏడాదిలోనే ఒక వెర్షన్‌ను జూనియర్లు మొదటినుంచి చివరిదాకా తామే విడుదల చేయాలి, సీనియర్లు పక్కన కూర్చుని చూడాలి, అడిగితేనే నోరు విప్పాలి. ఇంత చిన్న ప్రాజెక్టుకు ఇన్ని నియమాలా అనేవాళ్ళకు నా జవాబు ఒక్కటే: ఎక్స్‌జెడ్ కూడా ఒక్క మనిషి మోసిన చిన్న ప్రాజెక్టే.

ఈసారి ఫేర్‌వెల్ వేదిక మీద సీనియర్‌కు శాలువా కప్పే ముందు జూనియర్లు ఒక మాట అడగాలి: ‘అన్నా, రేపు నువ్వు ఫోన్ ఎత్తకపోతే కొత్త వెర్షన్ మేం విడుదల చేయగలమా?’ జవాబు నోటితో చెబితే చాలదు. అక్కడే ల్యాప్‌టాప్ తెరిచి జూనియర్ చేతే చేయించి చూపాలి. శాలువా ఆ తర్వాత.